బంతి యాడుంది?

హాకీ ఆటను టెలివిజన్‌లో చూపించే తీరును గురించీ, ఆ ఆటకు చెప్పే కామెంటరీని గురించీ ఒక సాహిత్య విమర్శ పత్రికలో రాయటమేమిటని మిత్రులు కొందరు ఆశ్చర్యపోవచ్చు. నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే మనిషిని. హాకీ కర్ర చేత పట్టి ఎరగను. మా వూళ్ళో ఆడపిల్లలం మైదానం అంచున నిలబడి, బంతి బయటికి దొర్లివస్తే తీసి లోపలికి విసిరేవాళ్ళం. ఆ ఆటలో మా భాగం అంతవరకే. అయినా ఈ విషయం రాయటానికి నాకు అర్హత వున్నదనే అనుకుంటున్నాను. చిన్నప్పటినుంచీ హాకీ అంటే నాకు పిచ్చి. అదొక్కటే అయితే ఈ వ్యాసం రాసివుండను. 2017 తరవాత మా యింట్లో హాకీ ఆట చూడటమంటూ జరిగితే, దానికి కామెంటరీ చెప్పవలసిన పని నా మీద పడింది.

మా నాయన గుంతకల్లు లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానంలో, ఆంగ్లో-ఇండియన్ డ్రైవర్ల కొడుకులతో కలిసి ఆట నేర్చాడు. రైట్ హాఫ్ ఆడేవాడు. ఎడమచేతి చిటికెనవేలు అప్పుడు విరిగి వంకరగా అతుక్కున్నది ఇప్పటికీ అలాగే వుంది. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్పు ఫైనల్ జరిగిన రోజున ఇన్‌స్టిట్యూట్ రేడియో చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఆయన ఒకడు. జస్‌దేవ్ సింగ్ హిందీలో చెబుతున్నాడు. గుంతకల్లులో హిందీ అర్థం కానివాళ్ళు తక్కువ. ముందు పాకిస్తాన్ గోలు చేసింది, సుర్జిత్ సింగ్ సమం చేశాడు, ఆ పైన అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలు స్తంభానికి లోపలిపక్క తగిలి బయటికి వచ్చింది. అది గోలు కాదని పాకిస్తాన్ ఆటగాళ్ళు అంపైరుతో వాదించారు. అంపైరు గోలే అన్నాడు. మనం 2-1తో గెలిచాం.

ఆ గోలును గురించి నా చిన్నప్పుడు మా నాయన ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఎప్పుడు చెప్పినా "నేను చూసినా పాపా, బంతి లోపలికి పోయే వచ్చింది" అనేవాడు. రేడియోలో ఎట్లా చూశావు నాయనా అంటే, "ఆయప్ప చూపించినాడు కదా!" అనేవాడు. ఇది నేను అప్పట్లో హాస్యానికి అన్నమాట అనుకున్నాను.

నీటికాసుల వల్ల మా నాయన చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి 2017లో పూర్తిగా పోయింది. చూపు పోయినవాడికి టెలివిజన్ ఎందుకని ఎవరూ అనలేదు. ఆయనా అనలేదు. హాకీ వచ్చినప్పుడల్లా పెట్టమనేవాడు. సోఫాలో ముందుకు వంగి కూర్చుని, తల కొంచెం పక్కకు వాల్చి, వినేవాడు. రెండు నిమిషాలు గడిచేవో లేదో, "బంతి యాడుంది పాపా?" అని అడిగేవాడు. మళ్ళీ ఒక నిమిషం వుండి అదే ప్రశ్న. ఇద్దరు మనుషులు ఆపకుండా మాట్లాడుతున్న ఆ పెట్టె ముందు కూర్చుని, ఒక పాత రైట్ హాఫ్ బంతి ఎక్కడుందని కూతుర్ని అడగవలసి రావటమేమిటి? నా ఆలోచన అంతా అక్కడినుంచి మొదలయింది.

రేడియో వ్యాఖ్యాతకు ఒక భయం వుండేది. తాను నోరు మూస్తే మైదానమే మాయమవుతుంది. అందుచేత బంతి ఎక్కడుంది, ఎవరి కర్ర మీద వుంది, ఎటు పోతున్నది అనే మూడు సంగతులు తప్పించుకోవటానికి అతనికి వీలులేదు. టెలివిజన్ వ్యాఖ్యాతకు ఆ భయం లేదు. బొమ్మ కనిపిస్తూనే వుంది కదా, కనిపించేదాన్ని మళ్ళీ చెప్పటమెందుకు అన్నది అతని సూత్రం. సూత్రంగా అది మంచిదే. అయితే ఆ సూత్రాన్ని పాటించి అతను ఊరుకుంటాడా అంటే, ఊరుకోడు. బంతిని గురించి చెప్పకుండా మిగిల్చిన కాలాన్ని మరి దేనితోనో నింపుతాడు. "అద్భుతం" అంటాడు. "కోట్లాది భారతీయుల గుండెచప్పుడు" అంటాడు. ఆఖరి ఓవరులో పన్నెండు పరుగులు చేయాల్సివస్తే ఎలా వుంటుందో ఇదీ అలాగే వుందంటాడు. హాకీని అర్థం చేసుకోవాలంటే ముందు క్రికెట్ తెలిసి వుండాలన్నమాట!

కనిపిస్తూనే వుంది అన్నమాట కూడా అంత నిజం కాదు. మైదానం తొంభై ఒక్క మీటర్ల పొడుగు, యాభై అయిదు మీటర్ల వెడల్పు. బంతి పిడికిట్లో ఇమిడేటంత. కార్నర్ నుంచి డ్రాగ్ ఫ్లిక్ కొడితే అది గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో, అర సెకనులో గోలు చేరుతుంది. దీన్ని బొమ్మలో పట్టటం కష్టమని ఆట పెద్దలకూ తెలుసు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పచ్చ మైదానాన్ని నీలం చేసి బంతిని పసుపుపచ్చ చేశారు. నాకు ఆ నీలం మొదట్లో మింగుడు పడలేదు గాని, బంతి బాగా కనిపించిన మాట నిజం. ఆటను నాలుగు ముక్కలు చేయటం వేరే సంగతి. 2005లో మన దేశంలో ప్రీమియర్ హాకీ లీగ్ పెట్టినప్పుడే డెబ్బయి నిమిషాల ఆట నాలుగు భాగాలైంది (ఆ ఏడు గెలిచింది హైదరాబాద్ సుల్తాన్స్, మా కాలనీలో ఆ పేరు చెప్పి చాలా టీలు తాగారు). 2014లో అంతర్జాతీయ హాకీ కూడా పదిహేనేసి నిమిషాల నాలుగు ముక్కలైంది. ఆటగాళ్ళు వూపిరి పీల్చుకుంటారు, ప్రకటనలవాళ్ళూ పీల్చుకుంటారు. కాకపోతే ఒక ముక్క అయిపోయి మరో ముక్క మొదలైనా మన దగ్గర ప్రకటన అయిపోదు. సబ్బు అమ్మకం పూర్తయి తెర మీదికి మైదానం వచ్చేసరికి బంతి మన ఇరవై అయిదు గజాల లోపల వుంటుంది. అక్కడికి ఎట్లా వచ్చిందో చెప్పే నాథుడు వుండడు.

నాథుడు వుండకపోవటానికి ఒక కారణం వుంది. ఒలింపిక్స్ బొమ్మను ప్రపంచమంతటికీ ఒకే సంస్థ తీసి పంపుతుంది. దేశదేశాల ఛానెళ్ళు దానికి తమ భాషలో మాట జోడిస్తాయి. ఆ మాట చెప్పేవాళ్ళు చాలాసార్లు మైదానంలోనే వుండరు; ఎక్కడో స్టూడియోలో కూర్చుని, మనం చూసే బొమ్మనే వాళ్ళూ చూస్తారు. కెమెరా కోచ్ మొహం చూపిస్తే వాళ్ళకూ కోచ్ మొహమే కనిపిస్తుంది. ఫ్రీ హిట్టును ఆటగాడు తనకు తానే ఇచ్చుకుని పరుగెత్తవచ్చునని 2009లో నియమం వచ్చినప్పటినుంచీ హాకీలో ఆగటమనేది పోయింది. విజిల్ వినిపించిన మరుక్షణం బంతి కదులుతుంది. కెమెరా మాత్రం విజిల్ వినగానే పాత దృశ్యం మళ్ళీ చూపించటం మొదలుపెడుతుంది. తిక్కన భీష్మపర్వం పాఠం చెప్పేటప్పుడు సంజయుణ్ణి గురించి పిల్లలకు చెబుతాను. భీష్ముడు పడ్డాడన్న మాట ముందు చెప్పి, తరవాత మొదటినుంచీ కథంతా చెప్పుకొస్తాడు. అది కూడా ఒక రకం రీప్లేయే. అయితే సంజయుడు యుద్ధభూమినుంచి వచ్చినవాడు.

ఒకసారి ఈ పోలిక మా నాయనతో అన్నాను. "నేను ధృతరాష్ట్రుణ్ణి కాను పాపా. నా కొడుకులే గెలవాలని అడగటం లా. బంతి యాడుందని అడుగుతాండా" అన్నాడు.

కెమెరా బంతి వెనకాలే పరుగెత్తుతుంది గనక చివరికి ఎప్పుడూ గోలు ముందరే ఆగుతుంది. అక్కడ దొరికే మనిషి గోల్‌కీపరు. 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో పాకిస్తాన్ మనమీద 7-1తో గెలిచింది. మన దేశంలో రంగుల టెలివిజన్ వచ్చిన ఏడాదే అది. ఆ ఏడు గోళ్ళనూ చూసిన దేశం ఒకే మనిషిని పట్టుకుంది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ అన్ని గోళ్ళలోనూ కనిపించాడు మరి! యాభై మీటర్ల అవతల బంతి పోగొట్టుకున్నవాళ్ళు తెరలో లేరు. ఆయన్ను దేశద్రోహి అనేదాకా పోయారు. బొమ్మలో లేనిదాన్ని మాటతో తెచ్చిపెట్టే పని వ్యాఖ్యాతది. అది అతను చేయకపోతే అన్యాయం ఎవరో ఒకరికి జరుగుతుంది.

ఇక భాష సంగతికి వస్తాను. మన ఛానెళ్ళు కొంతకాలంగా తెలుగులోనూ కామెంటరీ యిస్తున్నాయి. నేను సంతోషించాను. మొదటి రోజునే ఈ వాక్యం విన్నాను: "మిడ్‌ఫీల్డ్‌నుంచి ఒక చక్కటి పాస్ ఇవ్వడం జరిగింది." పాస్ అనే మాట మీద నాకు పేచీ లేదు, అది మా కాలనీ పిల్లలందరి నోటా వుంది. పేచీ "ఇవ్వడం జరిగింది" మీద. "ఇచ్చాడు" అంటే మూడక్షరాలు. "ఇవ్వడం జరిగింది" అంటే ఏడు. ఆ నాలుగక్షరాల కాలంలో హాకీ బంతి సగం మైదానం దాటుతుంది. వాక్యం పూర్తయేసరికి పాస్ అందుకున్నవాడు దాన్ని పోగొట్టుకుని కూడా వుంటాడు. ఇంతకన్నా పెద్ద నష్టం ఏమంటే, ఆ వాక్యంలో ఇచ్చినవాడు లేడు. ఈ "జరిగింది" మనకు ఆఫీసు కాగితాలనుంచి వచ్చింది. రోడ్డు మంజూరు చేయడం జరిగింది, కూలీలను తొలగించడం జరిగింది. ఎవరు చేశారో చెప్పకుండా పని అయిపోయినట్టు చెప్పటానికి ఇది చాలా అనువైన వాక్యం. బాధ్యత తప్పించుకోవలసినవాడికి దాని అవసరం వుంది. ముప్ఫయి గజాలు పరుగెత్తి పాస్ ఇచ్చినవాడి పేరు తప్పించవలసిన అవసరం ఎవరికుంది?

పేర్లు చెప్పినప్పుడు కూడా చిక్కే. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి. ఆగస్టు 2న మన ఆడవాళ్ళ జట్టు ఆస్ట్రేలియాను 1-0తో ఓడించింది. జార్ఖండ్‌లో సిమ్‌డేగా జిల్లా పల్లెనుంచి వచ్చిన సలీమా టేటే కర్రకు బంతి తగిలినప్పుడల్లా వ్యాఖ్యాతలు ఆమె పేదరికం కథ ఎత్తుకున్నారు. కథ అబద్ధం కాదు. ఆమె యింట్లో ఆట చూడటానికి సరైన టీవీ లేదని పత్రికల్లో వచ్చాక అధికారులు ఒకటి తెచ్చి పెట్టించారు. అయితే ఆమె బంతితో పరుగెత్తుతున్న ఆ ఆరేడు సెకన్లలో చెప్పవలసింది ఆ పరుగును గురించి. ఎవరిని దాటింది, భుజం ఎటు తిప్పింది, ఆస్ట్రేలియా రక్షకురాలు ఎందుకు వెనక్కి తగ్గింది? అంతర్జాతీయ జట్టులో చోటు సంపాదించుకున్న నేర్పును పక్కన పెట్టి, ఆమె లేమిని మాత్రం మనకు చూపించి కన్నీళ్ళు పెట్టిస్తారు. బీదవాళ్ళను గురించి మన కథకులు కొందరు రాసేదీ ఇంతే కాదూ? రిక్షావాడి ఆకలి కనిపిస్తుంది గాని రిక్షా తొక్కటంలో అతనికి తెలిసిన కిటుకు ఒక్కటీ కథలోకి రాదు. మా నాయన ఆ రోజు విసుగెత్తి, "ఆ పిల్ల పరుగెత్తతాంటే వీళ్ళు ఏడుస్తారేమిరా!" అన్నాడు. సెమీ ఫైనల్లో మన జట్టు అర్జెంటీనాతో ఓడినప్పుడూ అదే పాట.

ఆగస్టు 5న, ఉదయం ఏడు గంటలకు, మగవాళ్ళ జట్టు జర్మనీతో కంచు పతకానికి ఆడింది. ఆట మొదలైన రెండో నిమిషంలోనే జర్మనీ గోలు చేసింది. వ్యాఖ్యాతలు 1980 మాస్కోనుంచి నలభై ఒక్క ఏళ్ళ నిరీక్షణ గురించి చెబుతున్నారు. మా నాయన, "ఆ గొంతు తీసెయ్, నువ్వు చెప్పు" అన్నాడు.

నేను టీవీ నోరు నొక్కి మొదలుపెట్టాను. "మనవాళ్ళు ఎడమ పార్శ్వంనుంచి…" అన్నాను. "పార్శ్వం యాడుంటాది పాపా?" అన్నాడాయన. నిజంగానే నాకు మాటలు రాలేదు. పదకొండేళ్ళు క్లాసులో గంటకు తక్కువ కాకుండా మాట్లాడినదాన్ని, ఒక బంతి ఎక్కడుందో చెప్పలేక తడబడ్డాను. ఒక వాక్యం కట్టుకునేసరికి ఆట మారిపోతున్నది. స్టూడియోలో కూర్చున్నవాళ్ళమీద నాకున్న కోపం సగం ఆ పది నిమిషాల్లోనే పోయింది. వాళ్ళది ఆఫీసు భాష, నాది పుస్తక భాష. బంతిని అందుకోలేకపోవటంలో ఇద్దరమూ ఒకటే.

దారి మా నాయనే చూపించాడు. ఇన్‌స్టిట్యూట్ మైదానంలో రెండు గోళ్ళకూ పేర్లుండేవి. ఒకటి గుత్తి వైపు, రెండోది బళ్ళారి వైపు. అడ్డంగా చూస్తే ఒక అంచు షెడ్డు పక్క, ఇంకొకటి కాలనీ పక్క. "తెరకు ఎడమ బళ్ళారి అనుకో, కుడి గుత్తి అనుకో. పైన షెడ్డు, కింద కాలనీ. పేరు చెప్పు, చోటు చెప్పు. వాక్యాలు వద్దు" అన్నాడు. అంతే. టోక్యో మైదానం గుంతకల్లుకు వచ్చింది. "సిమ్రన్‌జీత్, బళ్ళారి, వెనక్కి తిరిగి కొట్టాడు, గోలు!" అది పదిహేడో నిమిషం. తరవాత జర్మనీ వెంటవెంటనే రెండు చేసింది. 1-3. మా నాయన మాట్లాడలేదు. హార్దిక్ ఒకటి, హర్మన్‌ప్రీత్ ఒకటి, సగం ఆటకు 3-3. వైపులు మారాయి, ఇప్పుడు మనం గుత్తివైపు కొట్టాలి. రూపిందర్ పెనాల్టీ స్ట్రోక్, మళ్ళీ సిమ్రన్‌జీత్. 5-3. జర్మనీ ఇంకొకటి చేసింది. ఇంకా ఆరు సెకన్ల పైచిలుకు మిగిలివుండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. "బళ్ళారి గోల్లో శ్రీజేష్. నలుగురు లైను మీద. వదిలాడు, ఆపాడు, కొట్టాడు, శ్రీజేష్ తోసేశాడు, షెడ్డు పక్కకో కాలనీ పక్కకో తెలీలా నాయనా, బయటికే పోయింది!" అన్నాను. ఆయన వంకర వేలున్న చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. తరవాత చాలాసేపటికి, "శ్రీజేష్ ఏం చేస్తాండాడు?" అని అడిగాడు. గోలు స్తంభం మీదికెక్కి కూర్చున్నాడని చెప్పాను.

అప్పటినుంచీ ఇదే పద్ధతి. ఇంటికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. నాకు చాతకానివి ఇంకా చాలా వున్నాయి. 2024 ఆగస్టు 4న పారిస్‌లో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్. పదిహేడో నిమిషంలో అమిత్ రోహిదాస్‌కు ఎర్ర కార్డు చూపించారు. నలభై నిమిషాలకు పైగా పదిమందితో ఆడాలి. మా నాయన వెంటనే అడిగిన ప్రశ్న: "అమిత్ జాగాలో ఎవరు దిగినారు? కార్నర్‌కు ముందు ఉరికేదెవరు?" పెనాల్టీ కార్నర్‌లో కొట్టేవాడి మీదికి అందరికన్నా ముందు ఉరికేవాడు రోహిదాస్. తెర మీద బంతి చుట్టూ నలుగురైదుగురు తప్ప కనబడరు. నాకు తెలియలేదు. గొంతు పెంచి విన్నాను. అన్యాయం, అన్యాయం అంటున్నారు. కావచ్చు. ఆ అన్యాయాన్ని పదిమంది ఎట్లా పూడుస్తున్నారో, ఎవరు ఎవరి పని మీద వేసుకున్నారో చెప్పటమే కదా ఆ ఆటకు కామెంటరీ? మన్‌ప్రీత్ మధ్యనుంచి వెనక్కి దిగి రక్షణలో ఆడాడని మర్నాడు పత్రికలో చదివి వినిపించాను. "అట్లయితే సరే" అన్నాడు, ఒక రోజు ఆలస్యంగా. ఆ ఆట 1-1గా ముగిసి, షూటౌట్‌లో మనం 4-2తో గెలిచాం.

ఈమధ్య మా నాయన లీగు ఆటలు కూడా పెట్టమంటున్నాడు. హైదరాబాద్ పేరుతో ఒక జట్టు వుంది, తూఫాన్స్. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్ ఆడి 4-3తో ఓడింది. ఆ ఏడాది లీగులో ఒక్క ఆటా హైదరాబాదులో జరగలేదు. "మనూరోళ్ళే అంటాండావు, మనూరికి రారా?" అన్నాడు.

పారిస్ కంచు పతకం ఆట ఆగస్టు 8 సాయంత్రం. ఆ రోజు కేబుల్ పోయింది. ఫోనులో పెట్టాను. ఫోనుకు బొమ్మ ఆలస్యంగా వస్తుందని నాకు తెలుసు గాని, ఎంత ఆలస్యమో ఆ రోజే తెలిసింది. పక్కింట్లో డిష్ టీవీ వుంది. స్పెయిన్‌తో 1-1గా వుండగా, ముప్ఫయి మూడో నిమిషంలో, పక్కింటి పిల్లలు కేకలు పెట్టారు. మా ఫోనులో ఇంకా హర్మన్‌ప్రీత్ కార్నర్ కోసం నిలబడి వున్నాడు. మా నాయనకు చెవులు చురుకు. "గోలయిపోయిందా?" అన్నాడు. "ఇంకా లేదు నాయనా" అన్నాను. చెప్పాక నాకే నవ్వొచ్చింది. ఆయన కిటికీ మూయించాడు.

చివరి నిమిషంలో స్పెయిన్‌కు కార్నర్. శ్రీజేష్‌కు అదే ఆఖరి ఆట. మూసిన కిటికీ అవతల పిల్లలు చప్పట్లు కొడుతూ వీధిలోకి వచ్చేశారు. మెట్ల మీద అడుగుల చప్పుడు కూడా వినబడుతున్నది. నేను ఆగిపోయాను.

"వాళ్ళకు అయిపోయింది పాపా, మనకు కాలా" అన్నాడు మా నాయన. "బంతి యాడుంది?"

"బళ్ళారి వైపు" అన్నాను.